ఎద్దు నడకను ఫోనుతో కొలవడం: గిట్ట నేలకు తగిలిన క్షణం నుంచి కీలు కోణం దాకా

అలమండ సంతలో గానీ, కోటబొమ్మాళి దగ్గరి నారాయణవలస సంతలో గానీ ఎడ్లు కొనేవాళ్లు పళ్లు చూసి ఊరుకోరు. పశువును పది అడుగులు నడిపించి పక్కనుంచి చూస్తారు. వెనక గిట్ట ముందు గిట్ట జాడలో పడుతోందా, తల ఊగుతోందా, వీపు గూని కడుతోందా అని. అది కొలతే, కాకపోతే అంకెలు లేని కొలత. కంటికి అందేది “ఏదో తేడాగా ఉంది” అన్నంత వరకే. ఏ కాల్లో, ఎంత తేడా అన్నది తేలాలంటే ఒక ఫోను, ఒక వెదురు కర్ర, గుప్పెడు ముగ్గుపిండి, టేపు కావాలి. గరివిడిలో పశువైద్యం చదివేవాళ్లకైనా, జువాలజీ ప్రాజెక్టు చేసే డిగ్రీ పిల్లలకైనా, సొంత ఎడ్లున్న రైతుకైనా ఇంతకుమించి సరంజామా అక్కర్లేదు.

1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరసగా పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. దౌడులో నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయనీ, అది కాళ్లు బార చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడనీ అందులో తేలింది. అంతకుముందు చిత్రకారులు కాళ్లు బార చాపి గాల్లో తేలినట్టు వేసిన దౌడు గుర్రాలన్నీ తప్పే. ఇప్పుడు చాలా మామూలు ఫోన్లు కూడా సెకనుకు 60 బొమ్మలు తీస్తాయి. చిక్కల్లా తీయడంలో లేదు, తీసినదాన్ని చదవడంలో ఉంది.

నడక లెక్క మొత్తం రెండు క్షణాల మీద నిలబడుతుంది: గిట్ట నేలకు తగిలిన క్షణం, గిట్ట నేలను వదిలిన క్షణం. ఒక్కో కాలికి ఈ రెండూ సరిగ్గా రాసుకుంటే మిగతావన్నీ కూడికలూ భాగహారాలే. ఈ రెండూ తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

మొదట కాలిని సరిగ్గా చదవండి

ఎద్దు ముందు కాల్లో మనం “మోకాలు” అనేది నిజానికి మణికట్టు. వెనక కాల్లో వెనక్కి వంగినట్టు పొడుచుకొచ్చేది మడమ. అసలు మోకాలు దానికి పైన, డొక్క కింద, చర్మం మడతలో దాక్కుని ఉంటుంది. ఎద్దు నడిచేది రెండు వేళ్ల కొసల మీద. గిట్టలోని రెండు చీలికలు ఆ వేళ్ల గోళ్లే. కోడిదీ ఇదే తీరు: “మోకాలు వెనక్కి వంగింది” అనుకునేది దాని మడమ, మోకాలు ఈకల్లో ఉంటుంది. ఈ పేర్లు తారుమారైతే కోణాల పట్టిక అంతా తారుమారే.

ఇక మాటలు. ఒక గిట్ట పడిన చోటు నుంచి అదే గిట్ట మళ్లీ పడిన చోటు దాకా ఒక అంగ. ఎడమ గిట్ట పడిన చోటు నుంచి కుడి గిట్ట పడిన చోటు దాకా ఒక అడుగు. ఈ రెండిటినీ కలిపేసి అంగకు బదులు అడుగు కొలిచి, వేగం సగానికి సగం తక్కువ చూపించడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. ఒక అంగలో గిట్ట నేల మీదున్న సమయం మోపు కాలం, గాల్లో ఉన్నది ఊపు కాలం. మోపు కాలాన్ని అంగ కాలంతో భాగిస్తే మోపు వాటా వస్తుంది. పుస్తకాల్లో దీన్నే డ్యూటీ ఫ్యాక్టర్ అంటారు.

నేల, కర్ర, కెమెరా

నూర్పులై, సంక్రాంతి దాటాక ఖాళీగా ఉండే కళ్ళం దీనికి మంచి చోటు. గట్టిగా, చదునుగా ఉంటుంది, పశువుకు అలవాటైన నేల. తారు రోడ్డు వద్దు, లాడాలున్న ఎద్దు దాని మీద జారుతుందేమోనని బెదిరి అంగ కురచ చేస్తుంది. దమ్ము చేసిన మడిలో తీస్తే ఎద్దు కాలు పీక్కుని పైకెత్తి నడుస్తుంది. అది బురద నడక, దాన్ని గట్టి నేల నడకతో పోల్చకూడదు.

ముగ్గుపిండితో 12 మీటర్ల తిన్నని గీత గీయండి. పశువు నడిచే దారి అదే. గీత మధ్యలో 6 మీటర్లు కొలిచి రెండు చివర్లా చిన్న గుర్తులు పెట్టండి, కెమెరాలో పడాల్సింది ఆ ముక్క. ఎద్దు ఒక అంగ సుమారు మీటరున్నర, ఒళ్లు పొడవు రెండు మీటర్ల పైచిలుకు. ఆరు మీటర్లుంటేనే రెండు నిండు అంగలు దొరుకుతాయి. గుర్తుకు ముందు మూడు మీటర్లు ఊరికే వదలడం ఎందుకంటే, కదలడం మొదలెట్టిన మొదటి అంగలు ఎప్పుడూ పొట్టివే.

వెదురు కర్రకు 10 సెంటీమీటర్లకొకటి నలుపు తెలుపు పట్టీలు వేసి, రెండు మీటర్ల స్కేలు చేసుకోండి. దాన్ని సరిగ్గా ముగ్గు గీత మీద పడుకోబెట్టి పది సెకన్లు వీడియో తీసి, తర్వాత తీసేయండి. పక్కన గోడకు ఆనించి తీద్దామని ఎంతమందికి అనిపిస్తుందో! కెమెరా గీతకు 9 మీటర్ల దూరంలో ఉండి, కర్ర గీతకు ఒక మీటరు వెనక ఉందనుకోండి. కర్ర చిన్నగా కనిపిస్తుంది, దాంతో కొలిచిన ఎద్దు పదో వంతు పైన, 11 శాతం, పెద్దదైపోతుంది. పశువు గీత వదిలి అటో ఇటో జరిగినా ఇదే తప్పు. అలాంటి నడకను దయ చూపకుండా చెరిపేయండి.

కెమెరాను గీతకు లంబంగా, తుంటి ఎత్తులో, స్టాండు మీద కదలకుండా పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, పశువుతో పాటు తిప్పనే వద్దు. చాలా ఫోన్లలో 2x లెన్సుతో 9 మీటర్ల నుంచి చూస్తే సుమారు 6 మీటర్ల వెడల్పు పడుతుంది. 0.5x వెడల్పు లెన్సు అంచుల్ని వంచేస్తుంది, దాని జోలికి పోవద్దు.

సెకనుకు 60 ఫ్రేములు ఎద్దు నడకకు సరిపోతాయి. మేక పరుగుకూ, కోడికీ 120 లేదా 240 కావాలి. ఇందులో ఒక మోసం ఉంది. స్లో మోషన్‌లో 240కి తీసిన వీడియోను కొన్ని ఫోన్లు 30 ఫ్రేముల ఫైలుగా దాచుకుంటాయి. అప్పుడు సాఫ్ట్‌వేరు చూపే సమయాన్ని 8తో భాగించాలి. ఏది నిజమో తేల్చడానికి ఇంకో ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి ముందుగా దాన్నే తీయండి. వీడియోలో పది సెకన్లకు ఎన్ని ఫ్రేములు గడిచాయో లెక్కపెట్టండి. వెలుతురు తగ్గితే తమంతట తాము ఫ్రేములు తగ్గించే ఫోన్లు కూడా ఈ పరీక్షలో దొరికిపోతాయి.

షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా కన్ను తెరుచుకుని ఉండే సమయం, 1/500 సెకను కన్నా తక్కువగా ఉంచాలి. గాల్లో ఉన్న గిట్ట సగటున సెకనుకు 3 మీటర్లు పోతుంది. 1/60 దగ్గర అది 5 సెంటీమీటర్ల మసక గీత, 1/500 దగ్గర 6 మిల్లీమీటర్లే. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య సూర్యుడు కెమెరా వీపు వైపు ఉండేలా చూసుకుంటే ఇది ఇబ్బంది కాదు.

గుర్తులు పెట్టడం

తుంటి, మోకాలు, మడమ, గిట్ట పైకీలు, గిట్ట కొస. ముందు వైపు భుజం కొస, మోచెయ్యి, మణికట్టు, పైకీలు, గిట్ట కొస. ఒక్కోచోట రూపాయి బిళ్లంత చుక్క. తెల్ల ఎద్దుకు తడిపిన బొగ్గుపొడి, నల్ల గేదెకు సుద్దముద్ద లేదా వరిపిండి ముద్ద. సున్నం పెట్టకూడదు, చర్మం కాలుతుంది. చుక్కలు పశువు నాలుగు కాళ్ల మీదా సమంగా నిలబడ్డప్పుడే పెట్టాలి. అటువైపు కాళ్లకు పైకీలు మీద ఎర్ర గుడ్డ పీలిక కట్టండి, ఇటు కాళ్లూ అటు కాళ్లూ ఒకదాన్నొకటి దాటేటప్పుడు ఏది ఎవరిదో తెలియక తికమకపడేది కంప్యూటరొక్కటే కాదు. కట్టాక ఒక అరగంట తిరగనివ్వండి. కొత్త పీలిక కట్టగానే కాలు విదిలించే పశువుది మామూలు నడక కాదు.

తోలేవాడు పశువుకు తెలిసినవాడై ఉండాలి, పక్కన నడవాలి, ముక్కుతాడు వదులుగా పట్టాలి. తాడు బిగిస్తే తల ఊపు మాయమైపోతుంది, అది పోతే కుంటు పట్టుకునే సగం ఆధారం పోయినట్టే. ఎడమ నుంచి కుడికి ఆరుసార్లు, కుడి నుంచి ఎడమకు ఆరుసార్లు నడిపించండి. పన్నెండులో మధ్యలో ఆగినవీ, బెదిరినవీ, గీత తప్పినవీ పోగా ఏడెనిమిది మిగిలితే బాగా జరిగినట్టు.

ఫ్రేములు లెక్కపెట్టడం

వీడియోలో కదలికను కొలిచే సాఫ్ట్‌వేరు కావాలి: కినోవియా గానీ ట్రాకర్ గానీ, రెండూ ఉచితమే. వీడియో తెరిచి బాణం మీటతో ఒక్కో ఫ్రేమూ జరపండి. గిట్ట నేలకు “తగిలింది” అనేది ఎప్పుడు? గిట్ట కొస ముందుకు పోవడం ఆగిన మొదటి ఫ్రేము. దుమ్ము లేచిన ఫ్రేము కాదు, దుమ్ము ఆలస్యంగా లేస్తుంది. “వదిలింది” అనేది ఎప్పుడు? గిట్ట వెనక అంచు కాదు, గిట్ట కొస నేల మీంచి లేచిన మొదటి ఫ్రేము. ఈ రెండు నిర్వచనాలూ కాగితం పైన రాసి ఎదురుగా పెట్టుకోండి. లేకపోతే పదో వీడియోకి వచ్చేసరికి చెయ్యి వేరే నిర్వచనానికి జారిపోతుంది. ఒకే వీడియోను రెండు రోజుల తేడాతో రెండుసార్లు చదివి చూడండి. రెండు ఫ్రేములకు మించి తేడా వస్తే నిర్వచనం ఇంకా కుదరలేదన్నమాట.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ. 60 ఫ్రేముల వీడియోలో ఎడమ వెనక గిట్ట 120వ ఫ్రేములో తగిలింది, 177లో వదిలింది, 210లో మళ్లీ తగిలింది. అంగ 90 ఫ్రేములు, అంటే ఒకటిన్నర సెకను. మోపు 57 ఫ్రేములు, 0.95 సెకను. మోపు వాటా 57/90, అంటే 0.63. ఊపు 33 ఫ్రేములు, 0.55 సెకను. స్కేలు ప్రకారం గిట్ట ముందుకు జరిగింది 1.65 మీటర్లు. వేగం 1.65ని 1.5తో భాగిస్తే సెకనుకు 1.1 మీటర్లు, గంటకు దాదాపు 4 కిలోమీటర్లు. పొలం నుంచి ఇంటికొచ్చే ఎద్దు నడక ఇంచుమించు ఇదే.

ఈ వేగాన్ని ఇంకో దారిలో సరిచూడాలి. తుంటి చుక్క 6 మీటర్ల గుర్తుల మధ్య ఎన్ని ఫ్రేముల్లో జరిగిందో చూసి వేగం కట్టండి. రెండూ 5 శాతం లోపల కలవాలి. కలవకపోతే స్కేలు తప్పో, ఫ్రేముల లెక్క తప్పో, లేదా పశువు మధ్యలో వేగం మార్చిందో.

మోపు వాటాను 4తో గుణిస్తే ఏ క్షణాన చూసినా సగటున ఎన్ని కాళ్లు నేల మీదున్నాయో వస్తుంది. ఇక్కడ 0.63 × 4, రెండున్నర. రెండు కాళ్ల మీదా మూడు కాళ్ల మీదా మారి మారి నడుస్తోందని అర్థం. ఎప్పుడూ కనీసం మూడు కాళ్లు నేల మీద ఉండాలంటే వాటా 0.75కు తగ్గకూడదు. అంత నిదానంగా పశువు నడిచేది మేస్తున్నప్పుడో, జారే గట్టు మీద భయంభయంగా దిగుతున్నప్పుడో.

తాళం: ఏ కాలు తర్వాత ఏ కాలు

ఎడమ వెనక 120కి సున్న పెట్టి, మిగతా కాళ్లు తగిలిన ఫ్రేముల్ని అంగలో భాగాలుగా రాయండి. ఎడమ ముందు 142: 22/90, అంటే 0.24. కుడి వెనక 165: 0.50. కుడి ముందు 188: 0.76. వరస ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. నాలుగు దెబ్బల తాళం, దెబ్బకూ దెబ్బకూ మధ్య దాదాపు పావు అంగ. ఆవు, మేక, కుక్క, ఏనుగు, అన్నీ నిదానంగా నడిచేటప్పుడు ఇదే వరస. లాడాలున్న ఎద్దు సిమెంటు రోడ్డు మీద నడుస్తుంటే కళ్లు మూసుకున్నా వినిపిస్తుంది.

చూడాల్సిన అంకె ఒక్కటే: వెనక గిట్ట పడ్డాక అదే వైపు ముందు గిట్ట ఎంత ఆలస్యంగా పడింది. 0.25 దగ్గరైతే నడక. 0.5 అయితే ఎడమ వెనకా కుడి ముందూ ఒకేసారి పడుతున్నాయి, అది దుడుకు పరుగు, ఇంగ్లిషు మాట వాడేవాళ్లకు ట్రాట్. సున్నకు దగ్గరైతే ఒక వైపు కాళ్లు రెండూ కలిసి కదులుతున్నాయి, ఒంటె తీరు. కుడి వెనక గిట్ట 0.5లో పడకుండా 0.4లోనో 0.6లోనో పడితే అది దౌడైనా కావాలి, కుంటైనా కావాలి. సంస్కృత నిఘంటువులు గుర్రపు గతులకు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలు చెప్పాయి గానీ, ఏ పేరు ఏ తాళానిదో అంకెలతో కట్టి చెప్పలేదు. కాబట్టి పేరుతో పాటు అంకె కూడా రాయడం మంచిది.

వేగం రాయని అంకె దండగ

వేగం పెరిగితే అంగ పొడుగవుతుంది, మోపు వాటా తగ్గుతుంది, కోణాలు మారతాయి. నిన్న 0.63 వచ్చిన ఎద్దుకు ఇవాళ 0.58 వస్తే జబ్బు అనుకోవద్దు, ముందు రెండు రోజుల వేగాలూ చూడండి. మేకనూ ఎద్దునూ పోల్చాలంటే వేగం ఒక్కటీ చాలదు, కాలి పొడవు కూడా లెక్కలోకి రావాలి. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ దీనికి ఫ్రూడ్ సంఖ్యను వాడాడు: వేగం వర్గాన్ని, 9.81తో గుణించిన తుంటి ఎత్తుతో భాగించాలి. మన ఎద్దు తుంటి ఎత్తు 1.2 మీటర్లనుకుంటే 1.21ని 11.77తో భాగించాలి, వచ్చేది 0.10.

నడకలో ఒళ్లు నేల మీద మోపిన కాలి చుట్టూ తలకిందుల లోలకంలా వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఒంటిని కిందికి పట్టి ఉంచేది భూమ్యాకర్షణే కాబట్టి వేగానికి ఒక హద్దు ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం ఆ హద్దు ఫ్రూడ్ 1. జంతువులు అంతదాకా ఆగవు, 0.5 ప్రాంతంలోనే పరుగుకు మారతాయి. 1.2 మీటర్ల ఎద్దుకు అది సెకనుకు 2.4 మీటర్లు, 0.6 మీటర్ల మేకకు 1.7. మందలో పశువులు నడుస్తుంటే మేకపిల్లలు పక్కన పరుగులు తీయడానికి కారణం అల్లరి ఒక్కటే కాదు. ఏనుగు మాత్రం ఈ హద్దు దాటినా దుడుకు పరుగులోకి పోదు, నడక వరసనే వేగంగా సాగిస్తుంది.

కీళ్ల కోణాలు, వాటి పరిమితి

మూడు చుక్కలు కలిపితే ఒక కోణం: మోకాలు, మడమ, పైకీలు కలిపితే మడమ కోణం. సాఫ్ట్‌వేరు దాన్ని ప్రతి ఫ్రేముకూ ఇస్తుంది. మడమ, మణికట్టు, పైకీలు అంకెల్ని నమ్మవచ్చు, అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది. మోకాలు, భుజం దగ్గర చర్మం ఎముక మీద సెంటీమీటర్ల కొద్దీ జారుతుంది. అక్కడి వంపులో ఐదారు డిగ్రీల తేడాను పట్టుకుని కథ అల్లడం పొరపాటు.

త్వరణం జోలికి పోయేవాళ్లకు ఒక లెక్క. 1920 పిక్సెళ్లలో 6 మీటర్లు పడితే పిక్సెల్‌కు 3 మిల్లీమీటర్లు. చుక్క ఒక్క పిక్సెల్ పక్కకు పడితే 60 ఫ్రేముల వీడియోలో వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు తప్పుతుంది. త్వరణంలో అదే తప్పు 11 మీటర్లు దాటుతుంది, భూమ్యాకర్షణ త్వరణం కన్నా ఎక్కువ! కాబట్టి గ్రాఫు నునుపు చేయకుండా త్వరణం తీయవద్దు. చేతిలో ఉన్న ప్రశ్న కుంటు గురించే అయితే అసలు తీయనక్కర్లేదు.

కుంటును అంకెల్లో పట్టడం

నొప్పి ఉన్న కాలి మీద పశువు తక్కువసేపు నిలబడుతుంది. అందుకే ఆ కాలి మోపు కాలం తగ్గుతుంది, ఎదుటి కాలు తొందరగా వచ్చి నేలకు తగులుతుంది. ఎడమ వెనక నుంచి కుడి వెనకకు 38 ఫ్రేములు, కుడి వెనక నుంచి ఎడమ వెనకకు 52 ఫ్రేములు పట్టాయనుకోండి. నొప్పి ఎడమ కాల్లోనే, ఎందుకంటే దాన్ని వదిలి కుడి కాలి మీదికి పోవడానికే దానికి తొందర. ఇది కంటితో చూసేవాళ్లలో చాలామంది తలకిందులుగా చెప్పే విషయం: గట్టిగా, బరువుగా పడే కాలును చూసి అదే చెడ్డదంటారు. బరువు మోసేది మంచి కాలు.

నొప్పి ముందు కాల్లో అయితే తల చెబుతుంది. చెడ్డ కాలు నేల మీదున్నప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు మీదికి వచ్చేసరికి దిగుతుంది. నొసటి మీద ఒక చుక్క పెట్టి దాని ఎత్తు గ్రాఫు గీయండి. బాగున్న పశువుకు అంగకు రెండు సమానమైన అలలు, కుంటే పశువుకు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వస్తాయి.

తడి ఇసుక ఉంటే ఫోను లేకుండానే ఇంకో పరీక్ష చేయవచ్చు. నాగావళి ఒడ్డున తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిపించి, ముందు గిట్ట జాడకూ అదే వైపు వెనక గిట్ట జాడకూ మధ్య దూరం టేపుతో కొలవండి. బాగున్న ఆవుకు వెనక గిట్ట ముందు గిట్ట జాడలోనే, లేదా దాదాపు అక్కడే పడుతుంది. కుంటులో వెనకబడుతుంది. రెండు వైపులా పదేసి జాడలు కొలిస్తేనే అర్థం. పాడి పశువుల్లో కుంటు ఎక్కువగా వెనక గిట్టల బయటి చీలికలోనే ఉంటుంది కాబట్టి ముందు అక్కడ వెతకండి. పాడి పశువులకు 1997లో స్ప్రెచర్ అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన 1 (బాగున్నది) నుంచి 5 (బాగా కుంటేది) దాకా మార్కుల పద్ధతి కూడా ఉంది. నిలబడ్డప్పుడు వీపు చదునుగా ఉండి నడిచేటప్పుడు మాత్రమే గూని కడితే 2 మార్కులు. చాలామంది దాటేసేది సరిగ్గా ఆ దశనే.

సంతలో అమ్మేవాడు అదిలించి పరుగెత్తించిన పశువును చూసి నిర్ణయించవద్దు, బెదిరిన పశువు నొప్పి దాచుకుంటుంది. జోడు కట్టి చూపిస్తే విప్పమనండి, కాడి కింద ఒకటి రెండోదాని అంగకు తన అంగ సర్దుకుంటుంది. ఒక్కదాన్నే, వదులు తాడుతో, చదును నేల మీద, నిదానంగా.

కోడిని కొలిచేవాళ్లకు

కెమెరా నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో, 240 ఫ్రేములు. రెండు పక్కలా అట్టపెట్టెలు నిలబెట్టి సందు చేస్తే తిన్నగా పోతుంది, చివర్లో నూకలు చల్లండి. మోపు వాటా 0.5 దాటితే నడక, తగ్గితే పరుగు అనే సూత్రాన్ని ఇక్కడ పట్టుకుని కూర్చోవద్దు. పక్షులు గాల్లోకి లేవకుండానే ఒళ్లు బంతిలా ఎగరేస్తూ పరుగెత్తగలవు, అప్పుడు కూడా వాటా 0.5 పైనే ఉంటుంది. తుంటి ఎత్తు గ్రాఫు చూడండి: కాలు నేల మీద నిలువుగా ఉన్న క్షణాన ఒళ్లు అన్నిటికన్నా ఎత్తున ఉంటే నడక, అన్నిటికన్నా కింద ఉంటే పరుగు.